రవిశంకర్ సితార్‌లో దక్షిణాది స్వరం

చెన్నైలో ఏదో ఒక సభలో సితార్ కచేరీ జరుగుతోందనుకుందాం. కళాకారుడు చారుకేశి ఎత్తుకున్నాడు. రాగం పేరు ముందుగా చెప్పలేదు. పంచమం దగ్గర కాసేపు ఆగి, శుద్ధ ధైవతాన్ని తాకి, కైశికి నిషాదం వైపు కదిలేసరికి హాల్లో ఉన్న తెలుగువాళ్లలో కొందరి నోట "ఆడమోడి గలదే" మెదులుతుంది. త్యాగయ్య కీర్తనలు వింటూ పెరిగినవాళ్లకు ఆ రాగం కొత్తగా అనిపించదు. అయినా ఏదో తేడా ఉంటుంది. మన గాయకులు ఊపుతో పలికే స్వరాలు ఇక్కడ కదలకుండా నిలబడతాయి. ఒక్కో స్వరం మోగాక దాని వెనక సన్నటి ఝంకారం చాలాసేపు మిగిలే ఉంటుంది. తెలిసిన మాటనే వేరే జిల్లా యాసలో విన్నట్టుంటుంది.

దక్షిణాది మేళకర్త రాగం, అంటే ఏడు స్వరాలూ ఉన్న మూల రాగం, ఒకటి సితార్ మీదికి ఎలా చేరిందని వెతుకుతూ పోతే పండిట్ రవిశంకర్ జీవితం దగ్గరికి వస్తాం. ఆయన జీవితాన్ని సాధారణంగా పడమటి వైపు సాగిన ప్రయాణంగా చెబుతారు. కాశీలో పుట్టుక, పారిస్‌లో బాల్యం, వయొలిన్ విద్వాంసుడు యెహుది మెనూహిన్‌తో స్నేహం, బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ శిష్యుడిగా చేరడం, కాలిఫోర్నియాలో నివాసం. అవన్నీ నిజమే. కానీ ఆయన వాయించినదాన్ని శ్రద్ధగా వింటే, పాశ్చాత్య దేశాల వల్ల ఆయన సంగీతం లోపల మారింది తక్కువేనని అర్థమవుతుంది. ఆ దేశాలు ఆయనకు శ్రోతలను ఇచ్చాయి, పేరు ఇచ్చాయి. ఆయన బాణీలోకి కొత్త రాగాలు, లయలో కొత్త లెక్క వచ్చింది మాత్రం దక్షిణాది నుంచి. చెన్నై తెలుగువాళ్లకు ఈ సంగతి మిగతావాళ్లకంటే సులువుగా పట్టుబడుతుంది. ఆ రాగాల్లో చాలావాటికి మొదటి గొప్ప సాహిత్యం వాళ్ల భాషలోనే ఉంది మరి.

రవిశంకర్ 1920 ఏప్రిల్ 7న వారణాసిలో ఒక బెంగాలీ కుటుంబంలో పుట్టారు. తండ్రి శ్యామశంకర్ ఝాలావాడ్ సంస్థానంలో దివానుగా పనిచేసిన పండితుడు. పెద్దన్న ఉదయశంకర్ అప్పటికే యూరప్‌లో పేరు తెచ్చుకుంటున్న నర్తకుడు. 1930లో కుటుంబం పారిస్‌కు మారినప్పుడు రవిశంకర్‌కు పదేళ్లు. అన్న బృందంలో డ్యాన్స్ చేస్తూ, దొరికిన వాద్యమల్లా కొద్దికొద్దిగా వాయిస్తూ పెరిగారు. 1930ల మధ్యలో మైహర్ ఆస్థాన విద్వాంసుడు అల్లాఉద్దీన్ ఖాన్ ఆ బృందంతో కలిసి యూరప్ పర్యటనకు వెళ్లారు. ఒక్క వాద్యాన్ని పట్టుకుని కూర్చుంటే తప్ప విద్య రాదని ఆ కుర్రాడికి గట్టిగా చెప్పిన మనిషి ఆయనే.

1938లో పద్దెనిమిదేళ్ల రవిశంకర్ పారిస్ దుస్తులూ నాట్యమూ వదిలేసి మధ్యభారతంలోని మైహర్ అనే చిన్న ఊరికి వెళ్లారు. ఆరేళ్లకు పైగా గురువు ఇంటి పక్కనే ఉండి, రోజుకు పద్నాలుగు గంటల దాకా సాధన చేశారు. అల్లాఉద్దీన్ ఖాన్ సరోద్ విద్వాంసుడే అయినా, ఆయన గురువు రాంపూర్ వజీర్ ఖాన్ వీణ వాయించేవారు. ఉత్తరాదివాళ్లు బీన్ అనే రుద్రవీణ అది. అందువల్ల మైహర్ బాణీలో ఆలాపన వీణ నడకను పోలి ఉంటుంది. మంద్రస్థాయిలో తొందర లేకుండా మొదలై, జోడ్ అనే భాగంలో తాళం లేకుండానే ఒక లయ పుంజుకుంటుంది. రాగం, తానం, పల్లవి తెలిసిన శ్రోతకు ఆ జోడ్‌ను పరిచయం చేయనక్కర్లేదు. అది మన తానానికి దగ్గరి చుట్టం. 1939లో అలహాబాద్‌లో, గురువుగారి కొడుకు అలీ అక్బర్ ఖాన్ సరోద్‌తో కలిసి, రవిశంకర్ తొలి కచేరీ చేశారు.

అంతకుముందే దక్షిణాది ఆ కుటుంబంలోకి నాట్యం ద్వారా అడుగుపెట్టింది. 1930ల మొదట్లో ఉదయశంకర్ మద్రాసులో భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి నాట్యం చూసి ముగ్ధుడయ్యారు. 1934లో ఆమె కలకత్తాలో చేసిన ప్రదర్శన వెనక ఆ పరిచయం ఉంది. తర్వాత అల్మోరాలో ఉదయశంకర్ నడిపిన కళాకేంద్రంలో బాలసరస్వతి గురువు కందప్ప పిళ్లై భరతనాట్యం నేర్పారు. ఉదయశంకర్ తీసిన 'కల్పన' చిత్రం 1948లో విడుదలైంది, దాన్ని తీసింది మద్రాసు జెమినీ స్టూడియోలో. మరో అన్న రాజేంద్ర భార్య లక్ష్మీశంకర్ తమిళ కుటుంబం నుంచి వచ్చినవారు, భరతనాట్యం నేర్చుకుని, తర్వాత హిందుస్తానీ గాయనిగా ఎదిగారు. అంటే రవిశంకర్‌కు, నాట్యానికి నోటితో పలికే నట్టువాంగం జతులు పుస్తకంలో చదివిన సంగతులు కావు, ఇంట్లో వినిపించిన శబ్దాలు. ఆయన స్వయంగా నర్తకుడిగా మొదలయ్యారన్నది ఇక్కడ మరిచిపోకూడదు. లయను ముందు కాళ్లతో నేర్చుకుని ఆ తర్వాత వేళ్లకు ఎక్కించిన సితార్ వాద్యకారులు అరుదు.

రెండో దారి రేడియో. 1949 నుంచి 1956 వరకు ఆయన ఢిల్లీ ఆకాశవాణిలో పనిచేశారు. 1952లో అక్కడ జాతీయ వాద్యబృందం 'వాద్యవృంద' ఏర్పడినప్పుడు దానికి సారథులు ఇద్దరు. ఒకరు రవిశంకర్, రెండోవారు కర్ణాటక వయొలిన్ విద్వాంసుడు టి. కె. జయరామ అయ్యర్. ఒకే గదిలో ఒక పక్క సితార్, సరోద్, సారంగి, ఇంకో పక్క వీణ, వయొలిన్, మృదంగం. ఒకే స్వరాన్ని రెండు పద్ధతులవాళ్లు రెండు రకాలుగా పలుకుతుంటే సర్దుబాటు ఎలా చేయాలో రోజూ తేల్చుకోవాల్సిన ఉద్యోగం అది. అదే ఏడాది ఆకాశవాణిలో సంగీత జాతీయ కార్యక్రమం కూడా మొదలై, మద్రాసు విద్వాంసుల గొంతు లక్నో, కలకత్తా ఇళ్లలో, ఢిల్లీ విద్వాంసుల వాద్యం మైలాపూరు ఇళ్లలో వినిపించసాగింది. తర్వాతి కాలంలో ఆ వాద్యబృందాన్ని నడిపినవారిలో మన ఈమని శంకరశాస్త్రి ఉన్నారు. ద్రాక్షారామంలో పుట్టి, మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, ఆకాశవాణిలో చేరి ఢిల్లీ వెళ్లిన వైణికుడు ఆయన. అదే బల్ల దగ్గర ఒక తెలుగు వైణికుడు కూర్చున్నాడన్నది మనవాళ్లు మరింత తరచుగా చెప్పుకోవలసిన విషయం.

ఇక రాగాలు. కీరవాణి, చారుకేశి, వాచస్పతి, సింహేంద్రమధ్యమం, మలయమారుతం. ఇవన్నీ కర్ణాటక సంగీతంలో స్థిరపడినవి, మొదటి నాలుగూ మేళకర్తలు. ఇరవయ్యో శతాబ్దంలో ఇవి హిందుస్తానీ వేదిక మీదికి వచ్చాయి. ఒక్కో రాగం ఒక్కో విద్వాంసుడి చేతిమీదుగా వెళ్లింది, హంసధ్వని వంటివి ఇంకా ముందే వెళ్లాయి. అయితే ఈ రాగాలను సితార్ మీద పెద్ద వేదికల్లో పదేపదే వాయించి, ఉత్తరాది శ్రోతకు అలవాటు చేసినవారిలో రవిశంకర్ ముందు వరుసలో ఉంటారు. తెలుగు శ్రోతకు వీటిలో ప్రతిదానికీ ఒక గుర్తు ఉంది. కీరవాణి అనగానే "కలిగియుంటె గదా", వాచస్పతికి "కంటజూడుమి", మలయమారుతానికి "మనసా ఎటులోర్తునె". అన్నీ త్యాగయ్యవే, అన్నీ తెలుగే.

ఈ ప్రయాణంలో రాగానికి ఏమవుతుందన్నది ఆసక్తికరం. కర్ణాటక పద్ధతిలో కీరవాణి అంటే ఆరోహణ, అవరోహణలతో పాటు కృతులు, వాటిలోని సంగతులు, ఏ స్వరానికి ఎంత గమకం, అంటే ఊపు, అన్న పాఠాంతరం. ఆ రాగం మీద శ్రోతకున్న అవగాహన ఎక్కువ భాగం కృతి నుంచే వస్తుంది. సితార్ మీదికి వెళ్లేటప్పుడు కృతి వెనక ఉండిపోయింది, స్వరస్థానాలు మాత్రమే ప్రయాణం చేశాయి. ఉత్తరాదిలో ఆ స్వరాలకు కొత్త బందిష్‌లు అనే రచనలు, కొత్త నడక పుట్టాయి. కీరవాణి అక్కడ చాలాసార్లు కచేరీ చివరి భాగంలో, అన్య స్వరాలు కలుపుకుని, లలితంగా వినిపిస్తుంది. "ఇది కీరవాణి స్కేలే తప్ప కీరవాణి కాదు" అని చెన్నైలో పాతతరం రసికులు పెదవి విరిచే మాటలో కొంత నిజం ఉంది. కానీ అదే మాట అటువైపువాళ్లు కూడా అనవచ్చు. మన కచేరీల చివర వచ్చే దేశ్, బేహాగ్, సింధుభైరవి విని ఒక లక్నో శ్రోతకు కలిగే భావం కూడా ఇలాంటిదే కదా. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇరువైపులా కొంత పోతుంది, కొంత కొత్తగా చేరుతుంది.

రవిశంకర్ స్వయంగా కల్పించిన రాగాల్లో కూడా మన వైపు రాగాల పోలికలు కనిపిస్తాయి. బైరాగి స్వరాలు మన రేవతి స్వరాలే. నట్ భైరవ్ స్వరాలు సరసాంగివి. వాటిని మన నుంచి తీసుకున్నారని దీని అర్థం కాదు. నట్, భైరవ్ రెండూ ఉత్తరాది రాగాలే, వాటిని కలిపితే వచ్చిన స్వరాలు అవి. వేంకటమఖి పరంపరలో డెబ్బైరెండు మేళాల పట్టిక ముందే గీసి పెట్టి ఉంది కాబట్టి, ఎవరు ఏ ఏడు స్వరాలు కూర్చినా దక్షిణాదిలో దానికో పేరు దొరుకుతుంది. మోహన్‌కౌన్స్ కథ వేరు. 1948లో గాంధీ హత్య తర్వాత గాంధీ అన్న పేరులో వినిపించే గ, ని, ధ స్వరాలను పట్టుకుని ఆయన అల్లిన రాగం అది. మాల్‌కౌన్స్ మీద, అంటే మన హిందోళం మీద, తీవ్రమైన గాంధారం ఒకటి అదనంగా వచ్చి కూర్చుంటుంది. హిందోళం బాగా తెలిసిన చెవికి ఆ గాంధారం తగిలినచోట ఒక్కసారి గుండె కలుక్కుమంటుంది.

ఈ రాకపోకలు ఆయనతో మొదలైనవి కావు. చెన్నైకి ఉత్తరాన, ఈనాడు రిఫైనరీల పొగతో కనిపించే మణలి ఒకప్పుడు సంగీతజ్ఞులకు ఆశ్రయమిచ్చిన జమీందారుల ఊరు. ముత్తుస్వామి దీక్షితులు బాల్యంలో కొంతకాలం అక్కడే గడిపారు. అక్కడికి వచ్చిన చిదంబరనాథ యోగి వెంట కాశీకి వెళ్లి, కొన్నేళ్లు ఉండి, ధ్రుపద్ అనే పాత ఉత్తరాది గానపద్ధతిని విని తిరిగి వచ్చారు. ఆయన యమునాకల్యాణిలో కట్టిన "జంబూపతే" పాడితే ధ్రుపద్ నడక స్పష్టంగా వినిపిస్తుంది. మణలి నుంచి కాశీ వెళ్లిన దీక్షితుల దారిలోనే, ఒకటిన్నర శతాబ్దం తర్వాత, కాశీలో పుట్టిన రవిశంకర్ ఎదురుగా నడిచి వచ్చారు.

రాగాలకంటే లయలో ఆయన తీసుకున్నది ఎక్కువ, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో హిందుస్తానీ కచేరీలో తబలా పని ప్రధానంగా ఠేకా పట్టడం, అంటే తాళం ఆవృత్తం చెదరకుండా చూపించడం. కర్ణాటక కచేరీలో మృదంగం అలా ఉండదు. పాట నడకను పట్టుకుని వెంట వెళుతుంది, సంగతికి సంగతి చెబుతుంది, చివర తని ఆవర్తనంలో ఒంటరిగా వేదికను ఏలుతుంది. ఆ స్థానం రవిశంకర్‌ను ఆకట్టుకుంది. చతుర్‌లాల్‌తోను, తర్వాత చాలా ఏళ్లు అల్లా రఖాతోను చేసిన కచేరీల్లో తబలాకు విడిగా సమయం ఇచ్చారు, ప్రేక్షకుల ముందు ఆ కళాకారుడి పేరు గట్టిగా చెప్పారు. కర్ణాటక విద్వాంసుల లయ లెక్కల నుంచి తాను నేర్చుకున్నానని ఆయన దాచుకోలేదు.

ఆయన కచేరీల్లో బాగా ప్రసిద్ధమైన సవాల్‌-జవాబ్‌ను తీసుకుందాం. సితార్ ఒక పలుకు వేస్తుంది, తబలా అదే కొలతలో బదులిస్తుంది. పలుకులు క్రమంగా పొట్టివవుతాయి, చివరికి రెండూ కలిసిపోయి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడతాయి. మృదంగం, ఘటం పక్కపక్కన కూర్చున్న కచేరీకి వెళ్లిన ఎవరికైనా ఇది తెలిసినదే. తనిలో ఇద్దరూ వంతులు వేసుకుని, ఆవృత్తం నుంచి సగానికి, సగం నుంచి పావుకు తగ్గించుకుంటూ వచ్చి, చివర కలిసి కోర్వై అనే ముక్తాయింపు వేస్తారు. అలా తగ్గించడాన్ని చెన్నైలో కురైప్పు అంటారు. తిహాయి అనే మూడుసార్లు తిప్పే ముక్తాయింపు ఉత్తరాదిలో ఎప్పటి నుంచో ఉంది. కానీ రవిశంకర్ వాయించే తిహాయిలు పొడవు పెరిగాయి, లోపల ఉపలెక్కలు చేరాయి, అరుదైన బేసి తాళాల్లో కూడా ముందే గుణించుకున్నట్టు కచ్చితంగా వచ్చి వాలాయి. తమిళనాట రసికులు తొడ మీద తాళం వేస్తూ లెక్క చూసుకునే అలవాటు ఉన్నవాళ్లు. అలాంటి సభలో ఈ సితార్ పరాయి సంగీతంలా అనిపించకపోవడానికి ఈ లెక్క కూడా ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చు. రాగం యాసలో తేడా ఉన్నా, అంకెలకు యాస లేదు.

ఇక గమకం సంగతి. సితార్ మీద స్వరం ఎందుకు అంత నిలకడగా ఉంటుందన్నది వాద్యం కట్టుబడిలో ఉంది. వీణకు పనసకర్ర కుండ, దండి మీద మైనంలో పాతిన ఇరవైనాలుగు మెట్లు, నాలుగు వాయించే తీగలు, పక్కన మూడు తాళం తీగలు. మెట్లు కదలవు. సితార్‌కు పెద్ద సొరబుర్ర, తున్ లేదా టేకు కర్ర దండి, దారంతో కట్టిన పంతొమ్మిదో ఇరవయ్యో వంపు మెట్లు. రాగాన్ని బట్టి మెట్టును కొంచెం పైకో కిందికో జరుపుకోవచ్చు. పైన ఆరేడు తీగలు. వాటి కింద, మెట్ల వంపు లోపలి నుంచి పోయే పదకొండు నుంచి పదమూడు సన్న తీగలు. వీటిని తరబ్ అంటారు. వీటిని వేలితో మీటే పని పెద్దగా ఉండదు. పై తీగ మీద స్వరం పలికినప్పుడు, అదే స్వరానికి శ్రుతి చేసిన తరబ్ తీగ తనంతట తానే మోగుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. తరబ్ తీగ బాగా మోగాలంటే పై స్వరం దాని స్థానంలో కాసేపు కదలకుండా నిలవాలి. గమకంతో ఊపితే స్వరం ఆ స్థానాన్ని దాటి పైకీ కిందికీ తిరుగుతుంది, కింది తీగకు అందదు. అందుకే సితార్ వాద్యకారుడు స్వరాన్ని నిలబెడతాడు, నిలబెట్టాక తీగను పక్కకు లాగి మీండ్‌తో మరో స్వరానికి జారతాడు. ఒకే మెట్టు మీద నాలుగైదు స్వరాల దూరం లాగవచ్చు. వీణ మీద కూడా తీగ లాగుతారు. కానీ అక్కడ లాగడం స్వరాన్ని ఊపడానికి, ఇక్కడ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దారి వేయడానికి. కర్ణాటక రాగం సితార్ మీదికి వచ్చినప్పుడు యాస మారడంలో వాయించేవాడి అభిరుచి పాలు కొంతే, వాద్యం పాలు ఎక్కువ.

తీగలు ఆనుకునే గుర్రం (బ్రిడ్జి) మీద ఇంకో సూక్ష్మం ఉంది. సితార్ గుర్రం పైభాగం చదునుగా కనిపించినా, చాలా సన్నటి వాలు ఉంటుంది. మోగే తీగ ఆ వాలును తాకీతాకనట్టు తాకుతూ ఝంకారాన్ని పుట్టిస్తుంది. దీన్ని జవారీ అంటారు. వాయించేకొద్దీ తీగల ఒరిపిడికి గుర్రం మీద గాడి పడుతుంది, ధ్వని మొద్దుబారుతుంది. దాన్ని ఆకురాయితో సరిచేయడం విడిగా ఒక విద్య. మహారాష్ట్రలోని మిరజ్ ఈ పనికి పేరుపడ్డ ఊరు. పండరిపురం చుట్టుపక్కల పండే సొరబుర్రలతో అక్కడ తరతరాలుగా సితార్లు, తంబూరాలు చేస్తున్నారు. 2024లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెన్నై సముద్రపు గాలికి ఉక్కుతీగలు త్వరగా తుప్పు పడతాయి, తేమకు కర్ర ఉబ్బుతుంది, ఏసీ హాల్లోకి అడుగుపెట్టగానే ఇరవై తీగల శ్రుతి ఒకేసారి చెదురుతుంది. ఇక్కడ సితార్ వాయించేవాళ్లకు కచేరీకి ముందు ఉండే టెన్షన్‌లో సగం ఇదే.

రవిశంకర్ వాడిన సితార్‌కు మంద్రస్థాయి తీగలు అదనంగా ఉండేవి. సుర్‌బహార్ అనే పెద్ద వాద్యం గాంభీర్యాన్ని సితార్‌లోకి తెచ్చుకోవడానికి ఆ ఏర్పాటు. వేగంగా వాయించేటప్పుడు ఆ లావు తీగలు మోగి గందరగోళం చేయకుండా, దండి మీద కొక్కేలకు తగిలించేవారు. ఆయన సమకాలికుడు విలాయత్ ఖాన్ సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో వెళ్లారు. మంద్రతీగలు తీసేసి, గొంతు పాడినట్టు సితార్ పాడాలని చూశారు. పాటకు దగ్గరగా ఉండే విలాయత్ ఖాన్ బాణీయే దక్షిణాది చెవికి ఎక్కువ నచ్చాలని ఎవరైనా అనుకుంటారు. అయినా వీణ ఆలాపన విన్న చెవికి, మంద్రంలో చాలాసేపు గడిపే రవిశంకర్ ఆలాప్ మరింత సొంతంగా వినిపిస్తుంది.

మద్రాసులో తెలుగువాళ్లకు సితార్ రోజువారీ పరిచయమైంది మాత్రం సభల్లో కాదు, కోడంబాక్కం రికార్డింగు థియేటర్ల నుంచి. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న దశాబ్దాల్లో వడపళని, సాలిగ్రామం, టి. నగర్ చుట్టూ సంగీత దర్శకులు, వాద్యకారులు, గాయకులు స్థిరపడ్డారు. వాళ్లలో హిందుస్తానీ మీద మక్కువ ఉన్నవాళ్లు చాలామంది. సాలూరి రాజేశ్వరరావు కుర్రతనంలోనే కలకత్తా వెళ్లి అక్కడి సంగీతం ఒంట్లోకి ఎక్కించుకుని వచ్చారు. ఆదినారాయణరావు 1957 నాటి 'సువర్ణసుందరి'లో సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాలతో ఒకే యుగళగీతాన్ని నడిపించారు. ఇలాంటి పాటలకు సితార్ కావాలి. వీణతో ఆ రుచి రాదు.

సినిమా రికార్డింగులో సితార్ వాయించడం కచేరీ కంటే తేలిక అనుకుంటే పొరపాటే. కచేరీలో వాద్యకారుడు తన శ్రుతిలో తాను ఉంటాడు. స్టూడియోలో శ్రుతి గాయకుడిది. ఈ పాట ఒక శ్రుతిలో, మధ్యాహ్నం కాల్‌షీట్‌లో పాట ఇంకో శ్రుతిలో, రాగం కూడా వేరు. తీగల బిగుతుకు హద్దు ఉంటుంది, తరబ్ మొత్తం మళ్లీ శ్రుతి చేయాలి. నొటేషన్ చేతికిచ్చి, రెండు సార్లు రిహార్సల్ చేసి, టేక్ అంటారు. గాయకులు, నలభై యాభై మంది వాద్యకారులు కలిసి ఒకేసారి రికార్డు చేసే రోజుల్లో, పన్నెండో బార్‌లో సితార్ ఒక్క మీట తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అలా వచ్చిన ఎనిమిది సెకన్ల బిట్, ఒక్కోసారి పాట మొత్తంలో జనానికి గుర్తుండే భాగమవుతుంది. టైటిల్స్‌లో ఆ పేరు ఉండదు. రవిశంకర్ శిష్యుడైన మిట్టా జనార్దన్ చెన్నైలో స్థిరపడి, ఇటు కచేరీలు, అటు దక్షిణాది సినిమా రికార్డింగులు రెండూ చేశారు. రేడియోలో పాట విని సితార్ ఎంత బాగుందో అనుకున్న లక్షలమందిలో, వాయించిందెవరని అడిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? తెలుగు సినిమా సంగీత చరిత్రలో ఇది సరిదిద్దవలసిన లోపం.

పరిశ్రమ హైదరాబాదుకు మారాక, కీబోర్డులో సితార్ శబ్దం దొరికాక, ఆ ఉపాధి సన్నబడింది. కీబోర్డులో స్వరం మోగుతుంది గానీ, మీండ్‌లో చేతి బరువు ఉండదు, తరబ్ తీగల స్పందన ఉండదు. విని తేడా చెప్పడం కష్టమేమీ కాదు.

పడమటి దేశాల కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1956లో ఆకాశవాణి వదిలి యూరప్, అమెరికా పర్యటనలు. 1966లో హారిసన్ శిష్యరికం. 1967లో మాంటెరే, 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవాలు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ. అదే ఏడాది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో సితార్ కన్సెర్టో. 1999లో భారతరత్న. ఆ ఉత్సవాలకు వచ్చిన యువశ్రోతలు మత్తులో కూర్చుని తన సంగీతం వినడం ఆయనను బాధపెట్టింది, వేదిక మీదే ఆ మాట చెప్పేవారు.

ఈ జీవితంలో ఒక మౌనం కూడా ఉంది. 1941లో ఆయన గురువుగారి కూతురు అన్నపూర్ణాదేవిని పెళ్లి చేసుకున్నారు. ఆమె సుర్‌బహార్ విన్నవాళ్లు ఆమెను భర్తకు సమానంగా, కొందరు ఇంకా పైన, నిలబెట్టారు. 1950ల తర్వాత ఆమె వేదిక మీద వాయించలేదు. ముంబయిలో తలుపులు మూసుకుని, నిఖిల్ బెనర్జీ, హరిప్రసాద్ చౌరాసియా వంటి శిష్యులను తీర్చిదిద్దారు. కారణాల మీద ఇద్దరి వైపు నుంచీ వేర్వేరు మాటలున్నాయి. దంపతులు 1982లో విడాకులు తీసుకున్నారు. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఇద్దరిలో ఒకరి వాద్యం ప్రపంచమంతా మోగగా, ఇంకొకరిది నాలుగు గోడల మధ్య ఉండిపోయింది. రవిశంకర్ వైభవం గురించి రాసేటప్పుడు ఆ నష్టాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు.

1989లో ఆయన సుకన్యా రాజన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె తమిళ కుటుంబానికి చెందినవారు, ఆయన కచేరీల్లో తంబూర వేసినవారు. పెళ్లి జరిగింది హైదరాబాదు శివార్లలోని చిలుకూరు బాలాజీ గుడిలో. వీసా బాలాజీగా ఆ గుడి పేరు మోగిపోవడం తర్వాతి సంగతి. వాళ్ల కూతురు అనౌష్క తండ్రి దగ్గరే సితార్ నేర్చుకుని, చివరి వరకు ఆయన పక్కన కూర్చుని వాయించింది. 2012 ఫిబ్రవరిలో, తొంభై ఒక్కేళ్ల వయసులో, ఆయన బెంగళూరులో కూతురితో కలిసి కచేరీ చేశారు. భారతదేశంలో ఆయన వాయించిన చివరి కచేరీ అదే. ఆ నవంబరు 4న కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఆక్సిజన్ సాయంతో ఆఖరిసారి వేదికెక్కారు. డిసెంబరు 11న కన్నుమూశారు.

అప్పటికి ఆయన ఒక ఆపెరా రాస్తున్నారు. పేరు 'సుకన్య'. కథ మనకు తెలిసిందే, మహాభారతం అరణ్యపర్వంలోది. పుట్టలో తపస్సు చేసుకుంటున్న ముసలి ముని చ్యవనుడి కళ్లను మిణుగురులనుకుని పొడిచిన రాజకుమారి, ఆ మునికే భార్యయి, అశ్వినీదేవతలు పెట్టిన పరీక్షలో భర్తను గుర్తుపట్టడం. రవిశంకర్ వదిలి వెళ్లిన స్వరాలను ఆయన సహచరుడు డేవిడ్ మర్ఫీ పూర్తి చేయగా, 2017 మేలో ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో తొలి ప్రదర్శన జరిగింది. లండన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా పక్కన కూర్చున్న మన వాద్యాల్లో సితార్, తబలా, షెహనాయి ఉన్నాయి. వాటితో పాటు మృదంగం, ఘటం కూడా ఉన్నాయి, నోటితో జతులు పలికే కొన్నక్కోల్ ఉంది.